బియ్యం జాడీ ఖాళీగా వెళ్లదు

హస్నా కట్టిన పెట్టెను ఎవరైనా ఎత్తి ఊపి చూసుకోవచ్చు. లోపల్నించి చిన్న చప్పుడు కూడా రాదు. "పెట్టె నోరు మూసుకుని ఉండాలి. మాట్లాడిందంటే లోపల ఏదో పగలబోతున్నట్టే," అనేది ఆమె. ఇళ్లు సర్ది ఓడలకెక్కించే ఆ పినాంగ్ కంపెనీలో ఆమెకు ఇరవై ఆరేళ్ల సర్వీసు. అందులో ఇరవై నాలుగేళ్లు పింగాణీ. చివరి రెండేళ్లూ పరుపులు.

పరుపుల సంగతి ఎత్తితే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆక్లండ్ వెళ్లే ఒక కుటుంబానికి సూపు గిన్నెల సెట్టు సర్ది పెట్టింది. ఆమె భోజనానికి వెళ్లిన సమయం చూసి ఆ ఇంటావిడ టేపు ఊడదీసి, మరిచిపోయిన ఇత్తడి రోకలిని అందులో దూర్చి, మళ్లీ అతికించేసింది. అక్కడ విప్పేసరికి పెద్ద గిన్నె కాస్తా ముప్పై ముక్కలు. పెట్టె మీద సంతకం హస్నాది. రోకలి ఎవరు పెట్టారని ఎవరడుగుతారు? పింగాణీ పని తీసేసి పరుపులకు కవర్లు తొడగమన్నారు. యాభై దాటిన మనిషి, చేతిలో అంత విద్య పెట్టుకుని, రెండేళ్లు పరుపులతో కుస్తీ పట్టింది. అయితే ఒక్కమాట మాత్రం ఆమె తన దగ్గర తాను దాచుకోలేదు. భోజనం తర్వాత ఇంకోసారి ఊపి చూసుంటే తెలిసిపోయేదే.

ఇవాళ మళ్లీ పింగాణీ చేతికొచ్చింది. రోజూ సర్దే ముసలాయనకు కంటి ఆపరేషన్. "ఈ ఒక్క ఇంటికే హస్నా. పెర్త్ నుంచి ఏదన్నా పగిలిందని కబురొచ్చిందో, రిటైరయ్యేదాకా పరుపులే," అన్నాడు మేనేజరు. మంచి మాట చెబుతున్నట్టే నవ్వుతూ చెప్పాడు పెద్దమనిషి.

ఇల్లు జార్జ్‌టౌన్‌లో పాత వరస ఇళ్లలో ఒకటి. ఇంటి మనిషి స్వీ లియన్ నర్సు. పెర్త్‌లో ఆసుపత్రి ఉద్యోగం దొరికింది. మొగుడు ముందే వెళ్లి ఇల్లు చూసిపెట్టాడు. ఇంకో మూడు రోజుల్లో తనూ, ఇద్దరు పిల్లలూ, తల్లి గియోక్ నియో విమానం ఎక్కుతారు. సామాన్లు మాత్రం ఈ సాయంత్రమే నాలుగింటికి లారీలో రేవుకు బయలుదేరాలి. పిల్లలు బడికి వెళ్లారు కాబట్టి ఇల్లు కాస్త ఊపిరి పీల్చుకుంటోంది.

లారీ డ్రైవరు మురు వరండాలో కూర్చుని పాత టూత్‌బ్రష్షుతో ఇంటిల్లిపాది చెప్పుల అడుగులూ తోముతున్నాడు. పెర్త్ రేవులో వాళ్లకు మట్టి పడదు, గింజ పడదు, ఎండుగడ్డి పరక కనబడినా పెట్టె పక్కన పెట్టేస్తారు.

"అక్కా, రెండేళ్లు పరుపుల్లో ఉన్నావు కదా, అలవాటుకొద్దీ పళ్లేల మీద పడుకోకు," అన్నాడు మురు లోపలికి వినబడేట్టు.

"నువ్వు చెప్పులు తోము. నీకు పైకి రావడానికి ఇంకా చాలా ఉంది," అంది హస్నా.

ఆమె చేతులు మాత్రం ఏమీ మరిచిపోలేదు. పెట్టె అడుగున ఉండలు చుట్టిన తెల్లకాగితం మందంగా పరిచింది. ఒక్కో పళ్లేనికి మూడు వరసల కాగితం చుట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, పుస్తకాల్లా నిలువునా నిలబెట్టింది. పళ్లెం పడుకుంటే బరువుకు పగులుతుంది, నిలబడితే ఓర్చుకుంటుంది. న్యూస్‌పేపరు ముట్టుకోలేదు. దాని సిరా గులాబీరంగు పింగాణీకి అంటుకుంటే వదలదు.

హాల్లో నల్లచెక్క కుర్చీలో కూర్చుని గియోక్ నియో అంతా చూస్తోంది. డెబ్భై ఆరేళ్ల మనిషి. లుంగీలా చుట్టుకునే కుంకుమరంగు బాతిక్ సారంగు కట్టుకుని, జుట్టు ముడిలో వెండి పిన్ను గుచ్చుకుని, అత్తగారు తనిఖీకి వచ్చినట్టు కూర్చుంది.

"ఎన్ని తెల్లకాగితాలమ్మాయ్!" అంది ఒకసారి.

"కంపెనీ ఇస్తుంది న్యోన్యా, మీకేం ఖర్చు లేదు," అంది హస్నా, చీనా ఇళ్ల పెద్దావిడల్ని పిలిచే మర్యాద పిలుపుతో.

హస్నా తల ఎత్తి ముసలామె ముఖం చూడలేదు. చూసుంటే మధ్యాహ్నం అంత రభస జరిగేది కాదు.

అన్నిటికన్నా చివర బియ్యం జాడీ వచ్చింది. మోకాలెత్తు పింగాణీ జాడీ. ఆకుపచ్చ మీద గులాబీ పూలు, పూల మధ్య రెక్కలు విప్పిన పక్షులు, మూత మీద బంగారు సింహం. బొజ్జ మీద ఎర్రకాగితం ముక్క, దాని మీద 'ఎప్పుడూ నిండుగా' అని చీనా అక్షరాలు. అలాంటి జాడీ హస్నా ఈ మధ్య చూడలేదు. చూడగానే ప్రాణం లేచొచ్చింది. పొట్టనిండా కాగితం ఉండలు కూరి, మూత విడిగా చుట్టి, రెండు పొరల అట్టపెట్టెలో దించి, నలభై ఒకటో నెంబరు వేసింది. జాబితాలో పైకి చదువుతూ రాసింది: "బియ్యం జాడీ, ఒకటి, ఖాళీ."

కుర్చీలో మనిషి కదిలిన చప్పుడయింది. అంతే.

భోజనం డబ్బాను హస్నా పసుపు పూల బాతిక్ గుడ్డలో మూట కట్టి తెచ్చుకుంటుంది. వెనక గల్లీలో మురుతో కలిసి తిని, ఆ గుడ్డ నడుముకు చుట్టుకుని తిరిగొచ్చింది. రాగానే పాత పాఠం గుర్తుంచుకుని పెట్టెలన్నీ మళ్లీ ఒకటొకటి కదిపి చూసింది. నలభై పెట్టెలు నోరు మూసుకునే ఉన్నాయి. నలభై ఒకటోది పక్కకు వంచగానే లోపల జర్రుమంది, రేకు మీద వాన మొదలైనట్టు.

హస్నా పెట్టెను నిలబెట్టింది. టేపు కోసి చూసింది. కాగితం ఉండ ఒక్కటి లేదు. జాడీ మెడ దాకా బియ్యం.

"న్యోన్యా, ఇందులో బియ్యం ఎవరు పోశారు?"

"నేనే పోశాను. నా జాడీ, నా బియ్యం. నీకేం?"

పైనుంచి స్వీ లియన్ పరుగెత్తుకొచ్చింది. "అమ్మా! పొద్దున్నించి పదిసార్లు చెప్పాను, గింజ కూడా ఉండకూడదని!"

"నువ్వు నర్సువి, జ్వరాల సంగతి చెప్పు. కాపురాల సంగతి నాకు తెలుసు," అంది గియోక్ నియో. తర్వాత హస్నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "టేపు అతికించెయ్ అమ్మాయ్. మన ముగ్గురికి తప్ప ఎవరికి తెలుస్తుంది?"

"అక్కడ విప్పి చూస్తారు న్యోన్యా. బియ్యం కనబడితే మీ మనవల మంచాలతో సహా మొత్తం సామానంతా ఆపేస్తారు. అసలు అంతదాకా జాడీ ఉండాలి కదా. ఓడ ఊగినప్పుడల్లా ఇంత బరువు లోపల్నించి కొడుతుంటే పింగాణీ ఆగుతుందా?"

"అయితే నా మంచం దించెయ్. ఖాళీ జాడీతో నేను రాను."

స్వీ లియన్ మెట్ల మీద కూలబడింది. కోపం, ఏడుపు కలిసి వచ్చాయి ఆమెకు. "టిక్కెట్లు కొన్నామమ్మా. ఈ ఇంట్లోకి సోమవారం వేరేవాళ్లు వస్తున్నారు. నువ్వు రానంటే నేను మాత్రం ఎలా వెళ్తాను?"

ముసలామె కూతుర్ని చూడలేదు. జాడీనే చూస్తూ చెప్పింది.

"నేను మూడు ఇళ్లు మారాను. రెండుసార్లు జాడీ నిండుగా మోసుకెళ్లాను. మూడోసారి ఇంటివాడు వారం గడువిచ్చాడు. ఆ హడావుడిలో బియ్యం అయిపోయాయి, అక్కడికెళ్లి కొనుక్కుందాంలే అని ఖాళీగా తెచ్చేశాను. మూడు నెలలు తిరక్కుండా మీ నాన్న పోయాడు."

"నాన్నకి గుండెజబ్బమ్మా."

"అవును, గుండెజబ్బే. ఖాళీ జాడీ నేను చేతులారా మోసుకొచ్చిందీ నిజమే. రెండిట్లో ఏదని నన్నడక్కు. ఇప్పుడు నా మనవలు వెళ్తున్నారు."

మురు చెప్పుల బ్రష్షు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. గోడ గడియారం కూడా సర్దేశారు కాబట్టి సరిపోయింది. లేకపోతే రెండున్నర అయిందని అదొకటి అరిచేది.

హస్నాకు ఒక దారి తట్టింది. "ఖాళీగా వద్దు, సరే. అందుకే కదా న్యోన్యా, పొద్దున నిండా కాగితం కూరాను?"

అంతే, గియోక్ నియో కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అదే నా కడుపు మండింది! తెల్లకాగితం ఎక్కడ చూస్తావమ్మాయ్ నువ్వు? చావింట్లో చూస్తాం! కాగితాలు కాల్చేది పోయినవాళ్లకి! నా పిల్లలకి అన్నం పెట్టిన జాడీ పొట్టలో గుప్పెళ్లు గుప్పెళ్లుగా అవి కుక్కావే! పళ్లేలకి చుట్టావు, పోనీ పైపైనే కదా అని ఊరుకున్నాను. పొట్టలోనా?"

ఇరవై ఆరేళ్లుగా హస్నా ఈ ఊళ్లో ఎన్ని చీనా ఇళ్లు సర్దింది! ఎన్ని ఇళ్లలో ముసలివాళ్లు ఇలాగే పళ్ల బిగువున కూర్చుని చూసి ఉంటారు! ఒక్కరూ అనలేదు, ఒక్కసారీ తను అడగలేదు. ఆ సూపు గిన్నె పగిలినప్పుడు పడని సిగ్గు ఇప్పుడు పడింది ఆమె.

"తప్పు నాదే న్యోన్యా. నాకు తట్టలేదు," అంది. కాసేపు జాడీ అంచు మీద వేలితో రాస్తూ కూర్చుని మళ్లీ అడిగింది. "జాడీ నిండుగా ఉండాలి, అంతేనా? బియ్యమే ఉండాలని మీ పెద్దవాళ్లు చెప్పారా?"

"బియ్యం జాడీలో బియ్యం కాక సబ్బులుంటాయా?"

"జాడీ పగలకుండా ఉండాలంటే నాకు లోపల మెత్తగా ఉండాలి. మీకు నిండుగా ఉండాలి. మీ ఇంట్లో ఆ బియ్యం తినేవాళ్ల బట్టలు కూరుదాం. ఒక్కొక్కరిది ఒక్కోటి. తెల్లవి వద్దు."

గియోక్ నియో జాడీ దగ్గరికొచ్చి లోపలికి తొంగి చూసింది. ఆ కాసేపట్లో హస్నాకు పరుపులన్నీ కళ్లముందు కదిలాయి.

"ఉతికినవే ఉండాలి," అంది ముసలామె చివరికి.

స్వీ లియన్ లేచి మేడమీదికి ఒక్క పరుగు తీసింది. బట్టల పెట్టెలు రెండు విప్పించింది. సామాన్యంగా అయితే కట్టిన పెట్టె విప్పితే మురు పెద్ద రాగం తీస్తాడు. ఇవాళ తనే కత్తి అందించాడు.

"ఒక్క మాట," అంది గియోక్ నియో వేలు ఎత్తి. "ఒక్క క్షణం కూడా అది ఖాళీ కాకూడదు. బియ్యం తీసేసి, తర్వాత తీరుబడిగా బట్టలు పెడతానంటే ఒప్పుకోను."

చూశారా, ఒప్పుకున్నాక కూడా ఎలా బిగించిందో! హస్నా జాడీని దుప్పటి మీద పక్కకు పడుకోబెట్టింది. బియ్యం సగానికి పైగా సంచిలోకి తోడింది. మిగిలినవి మూతి వైపు లాగింది. ఇప్పుడు అడుగున ఏదో ఒకటి దూర్చాలి. స్వీ లియన్ ఇంకా కిందికి రాలేదు. హస్నా నడుముకున్న పసుపు పూల గుడ్డ విప్పి, దులిపి, మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుక్కి తోసింది. ఆ తర్వాతే చివరి గింజలు ఊడ్చింది. ఫోను లైటు వేసి మూడుసార్లు చూసింది. గుడ్డ ఎత్తి కింద కూడా చూసింది. ఒక్క గింజ లేదు.

"నా గుడ్డ ముందు పడిపోయింది న్యోన్యా. వాళ్లవి వచ్చాక తీసేస్తాను."

"ఉండనీ. తీస్తే మళ్లీ ఖాళీ అవుతుంది."

దాని మీద పిల్లలిద్దర్నీ ఉయ్యాలూపిన నీలం సారంగు పెట్టారు. మనవడి ఎర్ర ఫుట్‌బాల్ చొక్కా, మనవరాలి బాతుబొమ్మల గౌను, అల్లుడి బాతిక్ చొక్కా, స్వీ లియన్ నైటీ. పైన గియోక్ నియో తన పెళ్లినాటి సారంగు స్వయంగా మడిచి పెట్టింది. మూతకు తెల్లకాగితం బదులు బుడగల కవరు చుట్టారు. హస్నా పెట్టె కట్టి, ఎత్తి, గట్టిగా ఊపింది. తర్వాత ముసలామెను చెవి అట్టకు ఆనించమని మరోసారి ఊపింది.

"ఏమంటోంది?" అన్నాడు మురు.

"ఏమీ అనట్లేదు. కడుపు నిండినవాళ్లు ఏమంటారు?" అంది గియోక్ నియో.

హస్నా జాబితాలో 'ఖాళీ' అన్న మాట కొట్టేసి రాసింది: బియ్యం జాడీ, ఒకటి, నిండా బట్టలు.

నాలుగింటికి లారీ కదులుతుంటే ముసలామె బియ్యం సంచి తెచ్చి, ముందు సీట్లో కూర్చున్న హస్నా ఒళ్లో పెట్టింది. "పారబొయ్యకూడదు. నీ జాడీలో పోసుకో."

"నాది ప్లాస్టిక్ డబ్బా న్యోన్యా."

"దానికీ కడుపు ఉంటుందిగా."

ఏడు వారాలు గడిచాయి. హస్నా మళ్లీ పరుపుల దగ్గరే ఉంది. ముసలాయన కన్ను బాగుపడింది, మేనేజరు పెర్త్ కబురు కోసం చూద్దామన్నాడు. ఒక ఉదయం గోదాములో పెద్ద పరుపుకు కవరు తొడుగుతుంటే ఫోను మోగింది. తెరమీద స్వీ లియన్, వెనక ఖాళీ గోడలు, సగం విప్పిన పెట్టెలు.

"అక్కా, ఒక్క సాసరు కూడా పగల్లేదు! రేవులో నలభై ఒకటో పెట్టె విప్పి చూశారట. బట్టలు చూసి మళ్లీ కట్టేశారు. మీ ఆఫీసుకి ఉత్తరం రాశాను. ఇక నుంచి మా వాళ్లెవరు ఇల్లు మారినా పింగాణీకి మిమ్మల్నే పంపాలని రాశాను."

హస్నా పరుపు మీద కూర్చుండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి నడుము దగ్గర గుడ్డ వెతుక్కుంటే లేదు.

తెరమీదికి గియోక్ నియో ముఖం మరీ దగ్గరగా వచ్చింది, నుదురు, కళ్లజోడు మాత్రమే కనబడేట్టు. "అమ్మాయ్, చూడు!" అంటూ ఫోను కిందికి వంచింది. జాడీ వంటింటి మూల నిలబడి ఉంది. బొజ్జ మీద ఎర్రకాగితం, మెడ దాకా బియ్యం.

"అందరి బట్టలూ తీసేశాం. నీ గుడ్డ మాత్రం తియ్యలేదు. అది తీస్తే క్షణమైనా ఖాళీ అవుతుందిగా! దాని మీదే బియ్యం పోశాను."

"బాగుంది! రోజూ డబ్బా కవర్లో తెచ్చుకుంటున్నా ఇక్కడ. మరి నా గుడ్డ ఎప్పుడిస్తారు?"

"జాడీ ఖాళీ అయినప్పుడు," అంది గియోక్ నియో.