ఎడమవైపు దిగినవాడు

నీలమ్మకు కార్లంటే ఒళ్లు మంట. అయినా మాదాపూర్‌లో కొత్త టవరు ఎదురుగా టీ బండి పెట్టుకుని పొద్దస్తమానం కార్లనే చూస్తుంటుంది. ఎనిమిది నెలలుగా అదే పని. వస్తున్నది సియెలోనో, ఎస్టీమో, మొన్న మొన్న దిగిన మాటిజో దూరం నుంచే చెప్పేస్తుంది. కానీ ఆమెకు కావలసింది బండి పేరు కాదు. స్టీరింగు ఎటు పక్క ఉందన్నదే.

ఎనిమిది నెలల కిందట ఆమె భర్త ఐలయ్య సైకిల్ మీద టీ బండికి నీళ్ల డబ్బా తెస్తుంటే, ఆమె కళ్ల ముందే ముదురెరుపు పొడుగు కారొకటి గుద్ది, ముందు దీపం పగలగొట్టుకుని, పాతిక గజాల అవతల ఆగింది. ఎడమ తలుపు తెరుచుకుంది. తెల్లజుట్టాయన ఒకడు దిగి, రోడ్డు మీద పడి ఉన్న మనిషిని చూసి, మళ్లీ ఎడమవైపే ఎక్కాడు. కారు వెళ్లిపోయింది. దవాఖానాలో ఐలయ్య కుడికాలు మోకాలి దాకా తీసేశారు.

స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ శ్రీనివాసులుకు నీలమ్మ అంతా చెప్పింది.

"దిగినోడే నడిపిండు సారూ. లోపల ఇంకెవ్వరు లేరు."

"ఎడమదిక్కు కూసొని నడిపిండా? స్టీరింగు నెత్తిన పెట్టుకున్నడా ఏంది?"

స్టేషనంతా ఘొల్లుమంది. నవ్వి ఊరుకున్నా పోనీలే అనుకునేది. ఆ మహానుభావుడు కాగితం మీద రాసిందేమిటి? ఐలయ్య తాగిన మైకంలో సైకిల్ మీంచి పడ్డాడట. భార్య మాటలకు పొంతన లేదట. పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టని మనిషి! ఇప్పుడు బోరబండ గల్లీలో చంకన కర్రతో నడుస్తుంటే, తాగుడు ఎంత పని చేసిందో చూడండని ముఖం మీదే అంటున్నారు. ఆయన గడప దాటడం మానేశాడు. పోయిన కాలు ఎలాగూ రాదు, ఆ రాత మాత్రం కొట్టేయించాలని నీలమ్మ పట్టుబట్టింది.

ఆఫీసు సుమో నడిపే జోసెఫ్ ఒకరోజు టీ తాగుతూ అసలు సంగతి చెప్పాడు. "అమెరికా నుంచి తెచ్చుకున్న కార్లకి స్టీరింగు ఎడమవైపే ఉంటుందక్కా. ఊరంతా వెతికినా నాలుగైదు ఉంటాయేమో."

ఆ మాట పట్టుకుని ఆమె స్టేషన్‌కు పరుగెత్తింది. శ్రీనివాసులు మీసం దువ్వుకున్నాడు. "అట్లనా? ఒక్కటి సూపియ్యి. నా చేత్తోనే మార్చి రాస్త."

ఆ రోజు నుంచి టీకి వచ్చిన ప్రతిసారీ, "దొరికిందా నీ అమెరికా కారు?" అని అడిగి తనే నవ్వుకుంటాడు. మరుగుతున్న టీ ఆ మొహాన కొట్టాలనిపించేది. పళ్లు బిగబట్టి గ్లాసులో పోసి ఇచ్చేది.

ఇవాళ కూడా అలాగే ఇస్తుండగా టవరు గేటు ముందు హారన్లు మోగాయి. ఓ పొడుగు కారు రోడ్డుకు అడ్డంగా ఆగి ఉంది. ముదురెరుపు. ముందు దీపాల్లో ఒకటి పచ్చబడింది, రెండోది కొత్తగా మెరుస్తోంది. అద్దాలన్నీ నల్లవి. ఆ రోజు చూసిన కారే అని నీలమ్మ గుర్తుపట్టింది. అయినా గొంతు పెంచలేదు.

"సారూ, జర ఆ బండిని పక్కకు తియ్యమను. నా గిరాకీ పోతుంది."

నలుగురు చూస్తున్నారు కదా, శ్రీనివాసులు లాఠీ ఊపుకుంటూ బయల్దేరాడు. నీలమ్మ కొంగు బిగించి వెనకే నడిచింది. ఆయన పాతికేళ్ల అలవాటు కొద్దీ నేరుగా కుడివైపుకే వెళ్లి అద్దం మీద కొట్టాడు.

"ఏయ్ డ్రైవర్! బండి తియ్యి!"

ఇంకా గట్టిగా కొట్టాడు. వంగి, నుదురు అద్దానికి ఆనించి చూశాడు. సీట్లో మనిషి లేడు, ఒక తోలు సంచి ఉంది.

"ఇటండీ, నేనిటున్నా!" ఎడమ తలుపు తెరుచుకుని తెల్లజుట్టాయన దిగాడు. ఆ దిగడం కూడా అదే దిగడం.

టీ తాగుతున్నవాళ్లంతా పగలబడి నవ్వారు. నీలమ్మ నవ్వలేదు. వెళ్లి కారు ముందు నిలబడింది.

"ఎవరితోని మాట్లాడుతున్నవు సారూ? ఆ సంచి నడుపుతుందా బండి?"

శ్రీనివాసులు ముఖం మాడిపోయింది. "స్టేషన్‌కు రా నీలమ్మా, ఆడ మాట్లాడుదం."

"ఏమిటమ్మా ఈ గొడవ?" అన్నాడు తెల్లజుట్టాయన.

"నువ్వు కదలకు. నీ సంగతి ఉంది." ఆమె చూపు హెడ్ కానిస్టేబుల్ మీంచి తిప్పలేదు. "స్టేషన్‌ల మీరంత నవ్విండ్రు. ఈడ్నే రాయి. ఇంతమంది సూస్తుండంగ రాయి."

ఆయన అటూ ఇటూ చూసి, జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. కారు నంబరు కోసం ముందుకు వంగాడు. నీలమ్మ నంబరు పలకకు అడ్డంగా జరిగింది.

"కారు సంగతి తర్వాత. ముందుగాల ఐలయ్య తాగలేదని రాయి."