ఎర్రగుడ్డలో పొగాకు

పోయినేడు ఇక్కడ గేటు లేదు. రెండు గంటలు నడిచొచ్చిన ఫిలొమెన్ ముసలమ్మ ఖాళీ బకెట్టు కిందపెట్టి మోకాళ్లు పట్టుకుంది. గేటవతల ఆమె తల్లి నాటినుంచీ క్రాన్‌బెర్రీ పళ్లు ఏరుకునే చిత్తడి నేల. ఇవతల కాపలా టోపీతో ఆమె తమ్ముడి కొడుకు రోలాండ్.

"గేటు తియ్యరా."

"తియ్యకూడదత్తా. గంటకి ముప్పై డాలర్ల పని. పోతే తిండి నువ్వు పెడతావా?"

"పెట్టాను గదరా పన్నెండేళ్లు. గంటలు లెక్కెట్టానా?"

రోలాండ్ నవ్వబోయి ఆగిపోయాడు. "పళ్లు కొట్లో ఉన్నాయి గదా. సంచీ తొమ్మిది డాలర్లు."

"కొట్లో పళ్లకి మా అమ్మ తెలుసంట్రా?"

వాడు కాపలా గదిలోంచి ఒక పుస్తకం తెచ్చిచ్చాడు. కంపెనీ పనివాళ్లందరికీ పంచింది. చమురు తీయడానికి తారు ఇసుక తవ్వకం నలభై ఏళ్లపాటు ఎలా పెరుగుతుందో అందులో ఉంది. ఉత్పత్తి రెట్టింపు, కొత్త గుంటలు మూడు. నడిమి పేజీలో పటం. దుప్పులు దాటే రేవు, అమ్మ పళ్ల నేల, అన్నీ ఆమె చెప్పిన పేర్లే. వాటిమీదుగా మొదటి గుంట గీత. కింద ఒక ముక్క: 'పెద్దలను సంప్రదించాము. ఫిలొమెన్ లాదూసర్ సమ్మతించారు.'

రెండేళ్ల కిందట కంపెనీ మనిషి కార్సన్ ఎర్రగుడ్డలో పొగాకు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "ఎక్కడేముందో చెప్పండమ్మా, వాటి జోలికి పోం" అన్నాడు. పొగాకు అందుకున్నాక దాచకుండా చెప్పాలి, ఇచ్చినవాడు మాట నిలుపుకోవాలి. ఫిలొమెన్ తెగవాళ్ల పద్ధతి అది. ఆమె మూడు రోజులు నడిచి అన్నీ చూపించింది; దాన్నే సమ్మతి అని రాసుకున్నారు. ఏమీ తెలియదని ఒక్క అబద్ధం చెప్పివుంటే ఈ నేల మిగిలేదేమో.

దుమ్ము లేపుకుంటూ కారొచ్చి ఆగింది. కార్సన్ దిగాడు.

"మీ ఇంటికే వెళ్లొస్తున్నానమ్మా! ఏటి అవతల రెండో గుంట తవ్వాలి. అక్కడి సంగతులు మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?"

చాచిన చేతిలో ఎర్రగుడ్డ. ఫిలొమెన్ రెండు చేతులతో బకెట్టు పిడి బిగించి పట్టుకుంది.

"తీసుకో అత్తా," రోలాండ్ గొంతు తగ్గించాడు. "ఆయన మా పై ఆఫీసరు."

"నువ్వే తీసుకోరా. కానీ తీసుకుంటే నిజం చెప్పాలి. ఈ గేటవతల నీకు నేనేం తినిపించానో మొదలెట్టు."

కార్సన్ నవ్వుతూ పొగాకు వాడివైపు తిప్పాడు.

రోలాండ్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.