గాలి గొట్టంలో ఉండాల్సినది

బండి కొండ ఎక్కుడు మధ్యలో మళ్లీ ఆగిపోయింది. దాంతో వెనక పెట్టెలో ఫ్యాన్లూ ఆగిపోయాయి.

వదిన హ్యాండ్ బ్రేకు లాగి చెవి రిక్కించింది. సీటు వెనక రేకుకు అవతల, అట్టపెట్టెల్లో రెండు వేల కోడిపిల్లలు. నిన్ననే గుడ్లు పగలగొట్టుకుని వచ్చినవి. ఫ్యాన్లు తిరగకపోతే తమ ఒంటి వేడికి తామే ఉడికిపోతాయి. తలుపులు బార్లా తెరిస్తే బయటి మంచుకు వణికి చస్తాయి.

మరిది అప్పటికే కిందికి దూకాడు. "తెరవనా వదినా?"

"బెత్తెడు తెరిచి పట్టుకో. గాలి ఆడాలి, చలి దూరకూడదు."

"నీ బెత్తెడా, నా బెత్తెడా?"

"వాటి ప్రాణం నిలిచే బెత్తెడు. మాట్లాడకుండా పట్టుకో."

ఆమె బానెట్ ఎత్తింది. ఈ మధ్య ఎక్కుడు వస్తే చాలు, ఇంజను దగ్గి, బలం చచ్చి చతికిలబడుతోంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతుంది. ఇంట్లో భర్త తీర్పు కూడా చెప్పేశాడు. "ఆడలేక మద్దెల ఓడందట నీలాంటిదే. ఇంకొక్కసారి ఆగిందా, తాళం నాకిచ్చెయ్. డ్రైవర్ని పెట్టుకుందాం." ఆ స్టీరింగు చేతికి రావడానికి ఎందరితో ఎన్ని మాటలు పడిందో ఆమెకే తెలుసు.

"ఇది ఆ మెకానిక్ పనే వదినా," వెనక నుంచి మరిది గొంతు. "పదేపదే మనం వాడి దగ్గరికే పోవాలని ఏదో పీకుంటాడు. లేదంటే బంకువాడు పెట్రోల్లో నీళ్లు కలిపుంటాడు."

ఆమె మెకానిక్‌కే ఫోను కలిపింది. అతను ఒక్కటే అడిగాడు. "అక్కా, ఇంజను వేడెక్కాకే ఆగుతోందా?"

"అవును."

"గాలి ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజనుకి నల్ల గొట్టం పోతుంది చూడు. దానికి చిన్న సెన్సార్ గుచ్చి ఉండాలి, వైరుతో."

ఆమె చేత్తో తడిమింది. "సెన్సార్ లేదు. చిల్లుంది. చిల్లులో గుడ్డ కుక్కి ఉంది."

"నేను కుక్కలేదక్కా. నిజం చెప్పాలంటే ఆ మూల చూడనే లేదు. చల్లటి ఇంజను స్టార్ట్ చేశా, బాగానే తిరిగింది, పంపేశా."

ఆమె వైరు వెంట వేళ్లు పోనిచ్చింది. అది ఇంజను పక్కకు వంగి, మరుగుతున్న నీళ్ల గొట్టం దగ్గర తేలింది. సెన్సార్‌ని దానికి ఆనించి, ఇనుప తీగతో బిగించి కట్టారు. పట్టుకోబోతే వేలు చురుక్కుమంది.

ఆమెకు విషయం అప్పుడే తట్టింది. కోడిపిల్లల గదిలో కొత్తవాళ్లకు మొదట నేర్పేది ఇదే: థర్మామీటరు పిల్ల నిలబడే చోట వేలాడదీయాలి, బల్బు పక్కన కాదు. బల్బు పక్కన పెడితే పిల్లలు చలికి బిగుసుకుపోతున్నా అది గది వెచ్చగా ఉందనే చెబుతుంది.

"ఇంజను పీల్చే గాలి ఎలా ఉందో చెప్పాల్సింది కదూ ఇది?"

"అంతే అక్కా. చల్లగాలి చిక్కన, పెట్రోలు ఎక్కువ కావాలి. వేడిగాలి పల్చన, తక్కువ చాలు. అక్కడ కట్టేసరికి గాలి మండిపోతోందని కంప్యూటరుకి అబద్ధం చెబుతోంది. అది పెట్రోలు కోసేస్తోంది. నువ్వు మంచులో కొండెక్కుతుంటే ఇంజను పస్తుంటోంది."

చేతికి కొంగు చుట్టుకుని తీగ విప్పింది. గుడ్డ పీకి, సెన్సార్‌ని చిల్లులో నొక్కింది. రబ్బరు అంచు టక్కున పట్టుకుంది. తాళం తిప్పగానే ఇంజను గొంతు సవరించుకుని అందుకుంది. వెనక ఫ్యాన్లు గిర్రుమన్నాయి. వాటి వెనకే రెండు వేల గొంతుల కిచకిచ.

బండి ఎక్కుడంతా ఒక్క దగ్గు లేకుండా ఎక్కింది. మరిది మాత్రం ఆ తీగనూ గుడ్డనూ చూసిన దగ్గర్నుంచి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. షెడ్డు దగ్గర పెట్టెలు దించి మూతలు తీశారు. పసుపు ముద్దలన్నీ లేచి తోసుకుంటున్నాయి. కొన్నవాడు మారు మాట్లాడకుండా లోపలికి చేరవేసుకున్నాడు.

"అది అక్కడ కట్టింది నువ్వేనా?" అంది వదిన.

"నేనైతే ఈపాటికి పారిపోయేవాణ్ణి. టార్చి పట్టుకున్నానంతే. వేడి కొలిచేదాన్ని చల్లగాలి గొట్టంలో పెట్టినవాడెవడో బుద్ధిలేనివాడట. వేడున్న చోట కడితే ఇంజను కాలిపోకుండా కాపలా కాస్తుందట. నీకు చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు."

ఆమెకు నవ్వొచ్చింది. ఇంటికి ఫోను కలిపి స్పీకర్ పెట్టింది.

"మళ్లీ ఆగిందా?" భర్త గొంతు. "నేను చెప్పలేదూ? తాళం తెచ్చి బల్ల మీద పెట్టు."

"పెడతాలెండి. ముందు బండి ఎవరి వల్ల ఆగుతోందో మీ తమ్ముడు చెబుతాడట, వినండి."

ఫోను మరిది నోటి దగ్గర పెట్టింది. అతను షెడ్డు కప్పు వంక చూశాడు.

"నువ్వే అన్నయ్యా."