తలుపుకి లోపలివైపు

కళ్ళద్దాల ఆయన రోజూ తొమ్మిదింటికి షాపు తెరిచి, అద్దం తుడిచి, పేపరు పట్టుకుని కూర్చుంటాడు. కళ్ళు పరీక్ష చెయ్యడం, లెన్సులు బిగించడం కాక ఆ షాపులో ఆయనకి తెలిసిన పని అంతే. మిగతాదంతా ఆయన భార్య చేసిపెట్టి పోయినదే.

జనం మాత్రం ఆయన చెయ్యి మంచిదనుకునేవారు. చేతిలో ఏముంది? మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎవరి సాయమూ అడక్కుండా లేచేందుకు కుర్చీలకి చేతులు పెట్టించింది ఆవిడ. ఫ్రేములు గాజు మీద టకటకమంటే చవక సరుకనుకుంటారని ట్రేలో మెత్తటి గుడ్డ పరిచింది. అద్దం దగ్గర తెల్ల లైటు పీకించి పసుపుది పెట్టించింది. "కొత్త కళ్ళజోడుతో మొదట చూసేది సొంత ముడతలైతే ఎవరు కొంటారండీ?" అంది. చేతికర్ర జారిపోకుండా కౌంటరు అంచున చిన్న గాడి చెక్కించింది. వడ్రంగి నవ్వాడు, ఆయనా నవ్వాడు. ఆ వారమే ఒక పెద్దావిడ తన కర్ర ఆ గాడిలో ఆనించి చూసుకుని, ఇరవయ్యేళ్ళుగా వెళ్తున్న షాపు మానేసి ఇక్కడికి మారిపోయింది.

అన్నిటికన్నా చిన్న పని తలుపుకి లోపలివైపు చేసింది. బయటికెళ్ళేవాళ్ళకి ఎదురుగా, కళ్ళజోడు లేకపోయినా కనపడేంత అక్షరాలతో, తన చేత్తో 'వెళ్ళి రండి' అని రాసింది. అది చదివి గడప దాటినవాళ్ళు తిరిగి వచ్చేవారు. బేరం కోసం అనే మాట కాదు, నిజంగానే వచ్చేవారు. ఓడలో పనికెళ్ళి గల్లంతైన ఒకతను రెండేళ్ళకి వచ్చి తన కళ్ళజోడుకి కొత్త గొలుసు అడిగాడు. ఊళ్ళో ఎవరికైనా ఆపరేషనన్నా, దూర ప్రయాణమన్నా, ముందురోజు షాపుకొచ్చి "ఈ స్క్రూ కాస్త బిగించండి" అనేవారు. స్క్రూ బిగుతుగానే ఉండేది. ఆయన ఊరికే ఒక తిప్పు తిప్పి ఇచ్చేవాడు. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు.

"మరి నీకూ పనిచేస్తుందా?" అని ఒకసారి ఆవిడని అడిగాడు.

"రాసినదాన్ని, నాకెలా పనిచేస్తుందండీ? మన చేత్తో మనం చక్కిలిగింతలు పెట్టుకుంటే నవ్వొస్తుందా?" అంది. వేళాకోళమనుకుని వదిలేశాడు.

పోయినేడాది ఒక మధ్యాహ్నం, షాపు వెనక వాళ్ళుండే గదిలో ఆవిడకి గుండె పట్టేసింది. చేతుల కుర్చీలో కూలబడింది. పక్కనున్న మందుల షాపతను కారు తెస్తానని పరుగెత్తాడు. ముందునుంచి తీసుకెళ్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"షాపు నిండా జనం. నన్నలా మోసుకెళ్తుంటే బెదిరిపోతారు. వెనక సందులోకి తెమ్మనండి. మీరు ముందు ఆ పెద్దావిడని చూడండి, కళ్ళలో చుక్కలేసి కూర్చోబెట్టారు, పాపం ఏమీ కనపడదు."

కుర్చీని వెనక తలుపు దగ్గరికి జరిపి, ఆయన ముందుకెళ్ళాడు. కారొచ్చిన చప్పుడుకి తల మాత్రం లోపలికి పెట్టి, "నువ్వు వెళ్ళు, నేను వెనకాలే వస్తా" అన్నాడు. వీధి చివరికెళ్ళే పిల్లకైనా వెళ్ళిరా అంటాం. ఆయన వెళ్ళు అన్నాడు. ఒక్క 'రా' తక్కువైంది. ఆవిడ దారిలోనే పోయింది.

ఆ రాత్రే చీకట్లో వెనక తలుపుకి గడియలు వేసి మళ్ళీ ముట్టుకోలేదు. ముందు తలుపులోంచి అందరూ వస్తూనే ఉన్నారు, రావలసిన మనిషి తప్ప. వచ్చిన ప్రతి ఒక్కరినీ చూసి ఆయనకి కడుపు రగిలేది. ఆ రగలడానికి సిగ్గూ వేసేది.

ఏడాది తిరిగిన రోజు పొద్దున షాపు తెరవలేదు. ఊరవతల వంతెన దాకా వెళ్ళాలని, ఇక తిరిగి రాకూడదని నిశ్చయించుకున్నాడు. ముందునుంచి వెళ్తే ఆ అక్షరాలు ఊరుకోవు. అందుకని వెనక తలుపు దగ్గరికెళ్ళాడు. పై గడియ తీశాడు. కింది గడియ బిగుసుకుపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని లాగుతుంటే కనపడింది.

కుర్చీలో కూర్చున్న మనిషికి చెయ్యందే ఎత్తులో, లెన్సుల మీద గుర్తులు పెట్టే పెన్నుతో, వంకర అక్షరాలు. వెళ్ళి రండి. చివరి 'డి' కిందికి జారిపోయింది.

కారు కోసం కాచుకున్న ఆ కాసేపట్లో రాసింది. ఆ తలుపు వాడేది ఇద్దరే. అందులో ఒకరు అప్పటికే వెళ్ళిపోతున్నారు. ఏదో ఒకరోజు ఆయన ఇటునుంచే వెళ్ళాలని చూస్తాడని ఆవిడకి తెలుసు.

"నన్ను రమ్మని రాసి నువ్వు రాకుండా పోయావే" అని తలుపుకి నుదురానించి ఏడ్చాడు. ఏడాదిగా ఏడవనిదంతా ఏడ్చాడు.

అయినా వెళ్ళాడు. వంతెన మీద ఎండెక్కేదాకా నిలబడ్డాడు. చదివేసిన మాటని చదవకుండా ఎలా చేసుకుంటాడు? కాళ్ళే వెనక్కి తిరిగాయి. బతికి ఇంటికి నడవడం అంత కష్టంగా ఉంటుందని ఆయనకి తెలియదు.

షాపు ముందు కర్ర పట్టుకుని పెద్దావిడ నిలబడి ఉంది.

"ఎక్కడికెళ్ళావయ్యా, షాపు మూసేసి?"

"ఎక్కడికీ లేదమ్మా. ఊరికే అలా వెళ్ళొచ్చాను."

వెనకనుంచి వెళ్ళి ముందు తలుపు తీసి, ఆవిడ కర్ర అందుకుని గాడిలో ఆనించాడు. ఆవిడ కళ్ళజోడు తీసి స్క్రూ బిగించమంది.

"దూరం ఎక్కడికైనా వెళ్తున్నారా?"

"లేదయ్యా, నిజంగానే వదులైంది."

ఆయన పసుపు లైటు వేశాడు. స్క్రూ కనపడలేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ వెతికాడు.