కొట్టుకు ఐదు స్టాపులు

కండక్టరుకు సామాన్ల చీటీ అంటే పరమ చిరాకు. ఇరవై ఆరేళ్ళు బస్సులో టికెట్లు చించిన చేతులకు ఇంటి దగ్గర కూడా కాగితాలేమిటన్నది ఆయన వాదన. అందుకని కొట్లో కొనవలసిన సరుకులను వీధికి అప్పగించేశాడు. ఇంటి గేటు బియ్యం స్టాపు. కుళాయి పప్పు స్టాపు. ఇస్త్రీ బండి నూనె, సైకిల్ షాపు ఉప్పు, మలుపులో మూతపడ్డ టెలిఫోను బూత్ సబ్బు. ప్రతి ఆదివారం పొద్దున సంచి ఊపుకుంటూ, "పప్పు, పప్పు! పప్పు దిగాలి!" అని బస్సులో అరిచినట్టే అరుస్తూ వెళ్ళేవాడు. ఇస్త్రీ ఆయనకు నూనె బాబాయ్ అన్న పేరు అలా పడిందే. బట్టల మీద నూనె చుక్క కూడా పడనివ్వని మనిషికి అదెంత అప్రతిష్ఠో వీధిలో ఎవరికీ పట్టలేదు.

ఆయన భార్య ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. వీధికంతా టైలరమ్మ. నెలకోసారైనా సంచి అడుగున ఆమె అడగని పొట్లం ఒకటి దొరికేది. మిషను సూదులు, పదహారో నంబరు. సూది మొద్దుబారితే చప్పుడు మారుతుందనీ, పక్క గదిలో పేపరు చదువుతున్నా తనకు తెలిసిపోతుందనీ ఆయన గొప్పలు పోయేవాడు. "తొక్కేది నేనా, మీరా?" అని ఆవిడ మూతి తిప్పుకునేది. పెళ్ళయ్యాక ఒక్క సూది కొనుక్కున్న పాపాన పోలేదు మరి.

అలాంటి మనిషికి నాలుగు నెలల కిందట మాట పడిపోయింది. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ కుప్పకూలాడు. ఆస్పత్రి నుంచి వచ్చేసరికి కాళ్ళూ చేతులూ చాలా వరకు స్వాధీనంలోకి వచ్చాయి గానీ నోరు రాలేదు. అన్నీ అర్థమవుతాయి. ఏదైనా అనబోతే మాత్రం "అదీ... అదీ..." అని ఆగిపోయి, సిగ్గుతో గోడకేసి చూస్తాడు.

మాట నేర్పించే డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "అలవాటుగా అప్పజెప్పే మాటలు ముందు వస్తాయమ్మా. బస్సు స్టాపులు, అంకెలు అలాంటివి. తనకు తోచింది తను చెప్పడం వేరు. అది ఒక్కసారి వస్తే ఇక వెనక్కి చూసుకోనక్కర్లేదు. రాకపోనూ వచ్చు."

టైలరమ్మ ఆ రోజే కొట్టుకు వెళ్ళింది. కొట్టాయన్ని ఆవిడ అన్నయ్యా అనే పిలుస్తుంది.

"అన్నయ్యా, ఇకనుంచి సామాన్లకు ఆయనే వస్తారు. నోటితో అడిగింది ఇవ్వు. అడగంది ఇచ్చావో, నీకూ నాకూ మాటల్లేవు."

"బావగారికి మాటే రాదు కదా చెల్లెమ్మా!"

"వచ్చేదాకా వస్తారు."

మొదటి ఆదివారం ఇద్దరూ గేటు దగ్గరే అరగంట నిలబడ్డారు. ఖాళీ సంచితో వెళ్ళి ఖాళీ సంచితో తిరిగొచ్చారు. రెండో ఆదివారం కూడా అంతే. ఆయన తరఫున మాట్లాడటానికన్నట్టు ఆయన పెద్దక్క దిగబడింది.

"వాణ్ణి పట్టుకుని ఎందుకే రాచిరంపాన పెడతావు? ఏం కావాలో నువ్వే కొనుక్కుంటే అరిగిపోతావా?"

"నేను కొనడం మొదలుపెడితే ఆయన అడగడం మానేస్తారు వదినా. జన్మంతా నేనే మాట్లాడాలి. నాకంత ఓపిక లేదు."

వదినగారు ఎసట్లో పెట్టడానికి నాలుగు గ్లాసుల బియ్యం మాత్రం ఇచ్చి వెళ్ళింది. మూడో ఆదివారం గేటు మీద చెయ్యి వేసి ఆయన "బి... బియ్యం" అన్నాడు. కొట్లో మళ్ళీ అన్నాడు. టైలరమ్మ ఏడవలేదు. ఏడిస్తే ఆయనా ఏడుస్తాడని, సంచి బరువు చూసినట్టు నటించింది.

తర్వాత పప్పు వచ్చింది, ఆ పై వారం నూనె. నూనె స్టాపు దాటిన రోజు ఇస్త్రీ బాబాయ్ ఆనందం పట్టలేక ఎవరిదో చొక్కా మాడ్చుకున్నాడు. ఉప్పు మాత్రం మొండికేసింది. చప్పిడి కూడు తింటున్నారని జాలిపడి బాబాయ్ కాగితంలో గుప్పెడు ఉప్పు కట్టి గోడ మీంచి అందించాడు. టైలరమ్మ దండం పెట్టి మరీ తిరిగి ఇచ్చేసింది. ఎట్టకేలకు ఏడో ఆదివారం సైకిల్ షాపు ముందు ఉప్పు కూడా పలికింది. ఇక మిగిలింది సబ్బు ఒక్కటే.

ఎనిమిదో ఆదివారం పొద్దున టైలరమ్మ స్కూలు యూనిఫారాల పని ముందేసుకుని కూర్చుంది. దారం నాలుగుసార్లు తెగింది. "దరిద్రపు దారం!" అని తిట్టుకుని లేచి, సంచి తీసింది.

బియ్యం, పప్పు, నూనె, ఉప్పు వరసగా వచ్చాయి. మలుపు తిరిగేసరికి టెలిఫోను బూత్ లేదు. రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు పెకలించుకుపోయారు. నేల మీద నాలుగు బోల్టులు మాత్రం మిగిలాయి. ఆయన వాటిని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. పెదాలు కదిలాయి గానీ ఏమీ రాలేదు.

టైలరమ్మకు మొదటిసారి భయం వేసింది. ఇన్నాళ్ళూ మాట్లాడింది ఆయన కాదేమో, ఈ గేటూ, కుళాయీ, బండీయేమో అనిపించింది. వీధిలో ఒక్కోటీ పోతూ ఉంటే ఆయన మాటలూ ఒక్కోటే పోతాయా? ఆ భయం బయటపడనివ్వకుండా, "పదండి, ఎండెక్కుతోంది" అంది.

కొట్టు ముందు ఆయన నాలుగు సరుకులూ అడిగాడు. కొట్టాయన నాలుగూ తూచి సంచిలో వేశాడు. అలవాటుగా అతని చెయ్యి సబ్బుల వైపు వెళ్ళింది. టైలరమ్మ కళ్ళతోనే ఉరిమింది. చెయ్యి వెనక్కి వచ్చింది.

కండక్టరు కదల్లేదు. పక్కకు తిరిగి భార్యను చూశాడు. ఎడం చెవి మీద వేలు పెట్టుకున్నాడు.

"అదీ... అదీ..."

ఎవరూ మాట అందించలేదు.

"సూ... సూదులు."

కొట్టాయన అయోమయంగా టైలరమ్మకేసి చూశాడు. ఆవిడ తనకూ తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"పదహారు" అన్నాడాయన. మళ్ళీ చెవి మీద వేలితో తట్టుకుని, ఒక్కో అక్షరం మీద కాలు మోపుతున్నట్టు, "చప్పుడు... మారింది" అన్నాడు.

దారం తప్పేం లేదు. మాట లేని నాలుగు నెలలూ ఆయన పక్క గదిలో కూర్చుని ఆ మిషను వింటూనే ఉన్నాడు. టైలరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బల్ల మీదికి వంగిపోయింది. ఎనిమిది వారాలుగా దాచుకున్నదంతా అక్కడే, నలుగురి ముందే ఏడ్చేసింది. ఆయన ఆవిడ వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

కొట్టాయన కూడా కళ్ళు తుడుచుకుని సూదుల పొట్లం సంచిలో వేశాడు. "చెల్లెమ్మా, ఇంత సంతోషం మీద సబ్బు కూడా వేసేయనా?"

టైలరమ్మ ముక్కు చీది తలెత్తింది.

"ఆయన అడిగారా?"

"లేదు."

"అయితే ఉండనీ. వచ్చే వారం అడుగుతారు."

ఇంటికెళ్ళి ఉత్త నీళ్ళతో మొహం కడుక్కుంది. కొత్త సూది బిగించి, యూనిఫారం గుడ్డను దాని కింద పెట్టి తొక్కడం మొదలుపెట్టింది. రెండు గజాలు కుట్టి ఆపింది.

"ఇప్పుడెలా ఉంది?" అని పక్క గదిలోకి కేకేసింది.

అట్నుంచి జవాబు వచ్చింది.

"బా... బాగుంది."