జానెడు లోతు

కత్తెరమ్మకు ఆ పేరు రెండు విధాల తగింది. బట్టలు కుట్టడం ఆమె వృత్తి కావడం ఒకటి, నోరు తెరిస్తే ఎదుటి మనిషి రెండు ముక్కలు కావడం ఇంకొకటి. ఆమె విసిరిన మాట గురి తప్పి ఎదురింటి గోడకు తగిలిందని, అందుకే దానికి బీట పడిందని చెప్పుకుంటారు. బీట ఇప్పటికీ ఉంది. అనుమానమున్నవాళ్ళు వెళ్ళి వేలు పెట్టి చూసుకోవచ్చు.

అలాంటి మనిషి మెత్తగా మాట్లాడేది వీధివైపు మడిలోని ఐరిస్ మొక్కలతో మాత్రమే. కత్తుల్లాంటి ఆకులు, మధ్యలో నిటారుగా కాడ, కాడ మీద ఊదా రంగు పువ్వు, ఆ పువ్వు గొంతులో పసుప్పచ్చని గడ్డం. అవి పూసినన్నాళ్ళూ ఆ వీధిలో సైకిలు మీద పోయినవాడెవడూ తిన్నగా ఇల్లు చేరలేదు. ఒకడైతే చూస్తూ చూస్తూ కాలువలో పడి, అక్కడినుంచి ఇంకా బాగా కనిపిస్తున్నాయని చీకటి పడేదాకా లేవలేదట.

మోటార్లు బాగుచేసే తమ్ముడు పెళ్ళి చేసుకుని భార్యను ఇంటికి తెచ్చాడు. ఆ పిల్ల వచ్చిన కొత్తలోనే చేతులు నలుపుకుంటూ, "వదినా, నాక్కూడా రెండు దుంపలిస్తారా? పెరట్లో పెట్టుకుంటాను," అని అడిగింది.

కత్తెరమ్మ నవ్వింది. రెండేం ఖర్మ, బుట్టెడు ఇచ్చింది. ఇస్తూ చెప్పింది: "జానెడు లోతున పాతిపెట్టాలి తల్లీ. పైకి తేలితే ఎండకు కమిలి చస్తాయి."

అది శుద్ధ అబద్ధం. ఐరిస్ దుంప అల్లం కొమ్ములా ఉంటుంది. దాన్ని బురదలో పడుకున్న గేదెలా సగం లోపల, వీపు బయట ఉండేటట్టు పెట్టాలి. వీపుకు ఎండ తగిలితేనే పువ్వు. లోతుగా పాతితే చావదు, అలాగని బతికిన సుఖమూ ఉండదు. ఆకులు వేస్తుంది, అంతే. ఈ సంగతి బయటపడకుండా కత్తెరమ్మ తన మడిలో దుంపల వీపుల మీద ఎండ దిగేటంత పల్చగా ఎండుటాకులు చల్లి ఉంచేది, అందులో ఇంకెవర్నీ కాలు పెట్టనిచ్చేది కాదు. పైగా మరదలు ఏనాడూ ఎండుటాకు ఎత్తి చూసే రకం కాదు. పెద్దవాళ్ళు చెప్పింది నమ్మే రకం.

ఆ ఏడు పెరట్లో ఆకులొచ్చాయి. మరుసటి ఏడూ ఆకులే. మరదలు ఎరువు వేసింది, మట్టి గుల్ల చేసింది, ఎవరూ లేనప్పుడు వాటి ముందు కూర్చుని బతిమాలింది కూడా. కత్తెరమ్మ మాత్రం బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషినీ వెంటబెట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళేది.

"చూడండి మా మరదలి తోట. మేకలుంటే వాటి పంట పండేది. ఏం చేస్తాం, చెయ్యి అలాంటిది. కొందరి చెయ్యి తగిలితే అంతే."

ఆమే ఒకరోజు 'ఆకులమ్మ' అని పేరు పెట్టింది. పొద్దు గూకేలోపు వీధంతా పాకింది. కూరగాయల మనిషి, "ఆకులమ్మా, పువ్వు కావాలా, కాలీఫ్లవరుంది," అని గుమ్మం ముందే అరిచేవాడు. తమ్ముడు కూడా అక్క ముందు భార్యను అదే పేరుతో పిలిచి ఇకిలించేవాడు. ఆ పిల్ల ఒకసారి మాత్రం, "ఈ దుంపలు తీసేసి, మీ మడిలోవి కొత్తగా పెట్టుకోనా వదినా?" అని ప్రాధేయపడింది.

"ఇప్పుడు కదిపితే బెంగపెట్టుకుంటాయి," అంది కత్తెరమ్మ. "వచ్చే ఏడు చూద్దాంలే."

అలా ఎన్ని వచ్చే ఏళ్ళు వచ్చిపోయాయో ఆమే మరిచిపోయింది.

ఆ తర్వాత ఒకనాడు మేడ మెట్ల మీద కాలు జారింది. తుంటి విరిగింది. ఇక నడక కల్ల అని డాక్టరు చెప్పేశాడు. మంచాన్ని పెరటివైపు గదిలో కిటికీ పక్కన వేశారు. అదే సమయానికి వీధిలో మురుగు పైపులు వేస్తామని మనుషులు గునపాలతో దిగారు. వీధివైపు మడి పోతుందన్నారు.

కత్తెరమ్మకు ప్రాణం కొట్టుకుంది. కుట్టు పోయింది, నడక పోయింది, మిగిలిందల్లా ఆ పువ్వే. "నా దుంపలు తవ్వించి ఈ కిటికీ కింద పెట్టించరా," అని తమ్ముణ్ణి పట్టుకుంది. "ఈసారి పూస్తే కళ్ళారా చూసి పోతాను. ఇంకేం అడగను. కూలివాడితో తవ్వించు, మీ ఆవిడకెందుకు శ్రమ?"

కానీ తెల్లారేసరికి మరదలే పార పట్టుకుని మడిలో దిగింది.

దుంపల బుట్ట చంకన పెట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. వెనకాల పారతో తమ్ముడు. ఇంజక్షన్ చెయ్యడానికి వచ్చిన ఎదురింటి కంపౌండరు కూడా వినోదం చూద్దామని మంచం పక్కనే కుర్చీ లాక్కున్నాడు.

"తవ్వేశాను వదినా. ఆకులు బెత్తెడు మిగిల్చి కత్తిరించాను. మీ కత్తెరతోనే, భలే తెగింది."

"నా కత్తెరా? గుడ్డలు కోసేది! ఎవరు తియ్యమన్నారే?"

"మీరింక గుడ్డలేం కుడతారులే అనుకున్నా." మరదలు బుట్ట దించింది. "ఇప్పుడు చెప్పండి. జానెడు లోతే గదా?"

కత్తెరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. చెమట, మట్టి తప్ప అక్కడ ఏమీ కనిపించలేదు. ఎండుటాకుల కింద దుంపల వీపులు చూసిందా, లేక పైపుల వాళ్ళు పోసిన మట్టిలో అంతా కలిసిపోయిందా?

"ఇవి ముదురు దుంపలు," అంది మెల్లగా. "వీటికి అంత లోతు అక్కర్లేదేమో. పైపైన పెట్టు."

"అయ్యో, కమిలిపోవూ? నాకిచ్చినవి వీటి తోబుట్టువులే గదా."

"అప్పుడవి లేతవి."

"లేతవి లోతుగా, ముదురువి పైపైనా?" అన్నాడు కంపౌండరు. "మా మందుల కొట్లో కూడా ఇంత తికమక లేదు కత్తెరమ్మగారూ."

తమ్ముడు పారకు ఆనుకున్నాడు. "అక్కా, తేల్చి చెప్పు, నా నడుం పడిపోతోంది. జానెడా, కాదా?"

"మీరెంత చెబితే అంతే పెడతాను వదినా," అంది మరదలు. "వెంట్రుకవాసి అటూ ఇటూ కానివ్వను. కంపౌండరు అన్నయ్య సాక్షి."

అని నవ్వింది. ఆ నవ్వును కత్తెరమ్మ చప్పున గుర్తుపట్టింది. బుట్టెడు దుంపలు ఇచ్చిన రోజు తన ముఖాన ఉన్న నవ్వు అది. కొలత తీసి కుట్టినట్టు, ఆ పిల్లకు సరిగ్గా సరిపోయింది.

కాదంటే పువ్వు దక్కుతుంది. కానీ కాదన్న మరుక్షణం వీధి వీధంతా ఇన్నేళ్ళ నవ్వునూ వెనక్కి తెచ్చి ఈ మంచం మీద గుమ్మరిస్తుంది. కత్తెరమ్మ దుప్పటి అంచును రెండు వేళ్ళ మధ్య కత్తెరలా ఆడించింది.

"జానెడే," అంది.

"విన్నారుగా!" మరదలు వంగి ప్రతి గుంటలోనూ చెయ్యి చాపి జాన కొలిచింది. దుంప పెట్టింది, మట్టి కప్పింది, మడమతో అణిచింది. ఒక్కదాన్నీ వదల్లేదు. ఆ చప్పుడు కత్తెరమ్మకు మంచంలోకి వినిపించింది. అంతా అయ్యాక మరదలు చేతులు దులుపుకుంది. "నా పిచ్చి ఆకుల్ని పీకి సందువైపు గోడ మూలకు మార్చేస్తాను. మీ పువ్వులకు అడ్డమెందుకు?"

సందువైపు మూల కిటికీలోంచి కనపడదు.

చలికాలమంతా కత్తెరమ్మ కిటికీకే కళ్ళు అంటించింది. ఆ చూపుల బరువుకు కిటికీ ఊచ ఒకటి వంగిపోయిందని కంపౌండరు నలుగురికీ చెప్పాడు. చలి తగ్గాక ఆకులు మట్టిని చీల్చుకుని వచ్చాయి, నిక్కబొడుచుకుని పెరిగాయి. తను చెప్పిన అబద్ధాన్ని దుంపలైనా నమ్మకపోతాయా అని ఆమె ఆశ. ఒక ఆకు మొదట్లో లావుగా కనిపిస్తే మొగ్గేమోనని అన్నం మాని చూసింది. అది ఇంకో ఆకు.

ఒక ఉదయం కిటికీలోంచి వాసన వచ్చింది. తీయగా, కాస్త ఘాటుగా. ముప్పొద్దులా పీల్చి పెంచుకున్న వాసన, పొరబడే ప్రశ్నే లేదు. వెంటనే సందులోంచి కేకలు.

"ఓరి నాయనో! ఆకులమ్మా, ఏం పూయించావమ్మా!"

"ఇంకా ఆకులమ్మేంటయ్యా, కళ్ళు కనబళ్ళేదా?"

సైకిలు గంట ఒకటి మోగింది. దబ్బుమని ఎవడో కాలువలో పడ్డాడు.

కత్తెరమ్మ మోచేతుల మీద లేవబోయింది. లేవలేకపోయింది. కిటికీ అవతల ఆకులు, ఆకుల వెనక ఆకులు. ఎన్నేళ్ళుగానో దాచిన మాట ఇక గొంతులో నిలవలేదు.

"మరదలా! లోతు ఎక్కువైందే! పైకి తియ్యి! వీపు బయటికి ఉండాలి!"

మూలనుంచి మరదలు గొంతు తీయగా వచ్చింది. "ఏంటి వదినా? వినపడలేదు. గట్టిగా చెప్పండి."

"అప్పుడు నీతో అబద్ధం చెప్పానే! జానెడు లోతున పెడితే పూయవు! నాకు ముందే తెలుసు!"

సందులో జనం గోడ దగ్గరికి జరిగారు. కాలువలో పడ్డవాడు కూడా లేవడం ఆపి విన్నాడు. తమ్ముడు గది గుమ్మంలోకి వచ్చాడు, అక్క వైపు చూశాడు. ఎన్నేళ్ళు తను ఇకిలించాడో లెక్క వేసుకుంటున్నట్టు నోరు కాసేపు తెరుచుకునే ఉంది. తర్వాత చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మరదలు చేతులు తుడుచుకుంటూ కిటికీ ముందుకు వచ్చింది. చెవి వెనక ఊదా రేక ఒకటి అంటుకుని ఉంది.

"ఇప్పుడు తీసి పెట్టవే," అంది కత్తెరమ్మ. గొంతులో పదును లేదు. "పోనీ, నీ మూలనుంచి ఒక్క పువ్వు కోసి చూపించు. ఒక్కటి."

"కోస్తే మొక్క ఏడుస్తుంది వదినా." మరదలు వంగి, కిటికీ కింది ఆకుల్ని ప్రేమగా నిమిరింది. "ఇక ఇవంటారా, ఇప్పుడు కదిపితే బెంగపెట్టుకుంటాయి. వచ్చే ఏడు చూద్దాంలే."

వచ్చే ఏడు ఆమెకు ఉందో లేదో కంపౌండరుకు తెలుసు, తమ్ముడికి తెలుసు, మరదలికి అందరికంటే బాగా తెలుసు.

మరదలు కొంగు తడిపి తెచ్చింది. కిటికీ రెక్కల అద్దాల మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. మూలమూలలా, మచ్చ లేకుండా తుడిచింది. ఆకులు బాగా కనపడాలి గదా.