నీలం తీగ మీద నా పేరు

బెనిన్ సిటీలో మా లోగిలికి కరెంటు మూడు తీగల మీద వస్తుంది: ఎరుపు, పసుపు, నీలం. ఒకటి పోతే ఆ తీగవాళ్ళంతా పరుగెత్తుకెళ్ళి, గోడమీది పెట్టెలో తమ ఫ్యూజులు పీకి, వెలుగుతున్న తీగకు పెట్టుకుంటారు. బరువు మోయలేక అదీ పోతుంది. అప్పుడు ఎనిమిది ఇళ్ళవాళ్ళమూ చీకట్లో కూర్చుని ఒకళ్ళనొకళ్ళం తిట్టుకుంటాం.

ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న మా అమ్మాయి ఎసోహే సెలవులకు వచ్చి, ఎవరు ఏ తీగమీద ఉండాలో రాసి గోడకు అంటించింది. ఏం జరిగినా ఎవరూ మారకూడదట. నేను పొంగిపోయాను, నా పేరు కనబడేదాకా. మాటిమాటికీ పోయే నీలం తీగకు నన్ను కట్టింది!

“ఒసేయ్, చేపలమ్మి నిన్ను చదివిస్తున్నా. నా ఫ్రీజరే దొరికిందా నీకు?”

“మూత తియ్యకపోతే నీ చేపలు సాయంత్రం దాకా గడ్డగానే ఉంటాయమ్మా. అయినా నిన్ను మంచి తీగకు వేస్తే, రేపు నేను ఊరంతటికీ కరెంటు పంచే ఇంజనీర్నైతే ఎవరు నమ్ముతారు నన్ను?”

మూడు రోజులు దానితో మాట్లాడలేదు. నీలం రెండుసార్లు పోయింది. పోయినప్పుడల్లా తిట్టుకుంటూనే, ఎవరూ తెరవకుండా ఫ్రీజరు మూతమీద కూర్చున్నాను.

నాలుగోనాడు ఎరుపు పోయింది. ఆ తీగమీదున్న దర్జీ ఐగ్బే తన ఫ్యూజు మార్చుకుందామని మెల్లగా పెట్టె తెరిచాడు. గరిట పట్టుకుని అడ్డం నిలబడ్డాను.

“మీ అమ్మాయి ఇంకా పాసే కాలేదు కదక్కా!” అన్నాడు.

“నా చేపలు పాస్ చేశాయి దాన్ని. ఒక్కటీ కరగలేదు. చెయ్యి తియ్యి.”